ఎథికల్ హ్యాకింగ్: లక్ష కట్టి శిక్షణలో చేరాలా, ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకోవాలా?

నాగులేరు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లెటూరు. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, రెండేళ్ల క్రితం బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాను. ప్రస్తుతం పట్టణంలో ఒక కంప్యూటర్ సర్వీసింగ్ దుకాణంలో పని చేస్తున్నాను. విండోస్ ఎక్కించడం, ప్రింటర్లు బాగు చేయడం, షాపులకు సీసీ కెమెరాలూ రౌటర్లూ బిగించడం నా రోజువారీ పని. ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకుని, యజమాని అనుమతితోనే కంప్యూటర్లలోకి చొరబడి లోపాలు వెతికే పెనెట్రేషన్ టెస్టర్‌గా స్థిరపడాలని చాలాకాలంగా కోరిక.

అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థవారు నాలుగు నెలల కోర్సుకు లక్షా పదివేల రూపాయలు అడుగుతున్నారు. సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) పరీక్ష రుసుము కూడా అందులోనే కలిసి ఉంటుందని, ఆపై నూటికి నూరు శాతం ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. ఈ ఏడాది మిర్చి అమ్మిన డబ్బులోంచి ఇస్తానని నాన్నగారు అంటున్నారు గానీ, ఆ డబ్బు తీసుకోవడానికి నాకే మనసొప్పడం లేదు.

సొంతంగా చేసిన ప్రయత్నం కొంత ఉంది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి కాలీ లినక్స్ ఎక్కించాను. వీడియోలు చూస్తూ వాళ్లు కొట్టిన కమాండ్లే నేనూ కొడుతున్నాను. ఫలితం వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందో, రానప్పుడు ఎందుకు రాలేదో మాత్రం తెలియడం లేదు. ఈ పరిస్థితిలో డబ్బు కట్టి చేరడం మేలా, ఇంటి దగ్గరే అభ్యాసం చేయడం మేలా? అనుభవజ్ఞులు చెప్పగలరని ప్రార్థన.

మంజీర తీరం

నాగులేరు గారూ, నేను హైదరాబాద్‌లో ఈ వృత్తిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. కొత్తవారిని తీసుకునే ఇంటర్వ్యూలలో కూడా కూర్చుంటాను. నూటికి నూరు శాతం ఉద్యోగం అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడే లేచి రండి. మీ చిక్కు ఏమిటో చివరి పేరాలో మీరే చెప్పారు. ఎందుకు వచ్చిందో తెలియని ఫలితంతో మా దగ్గరకు వచ్చేవారు చాలామంది ఉంటారు. రెండో ప్రశ్నకే వాళ్ల మాట ఆగిపోతుంది.

ముందుగా కాలీ గురించి. అది 2013లో బ్యాక్‌ట్రాక్ స్థానంలో వచ్చిన, డెబియన్ మీద కట్టిన లినక్స్. వడ్రంగి పనిముట్ల సంచి వంటిదే తప్ప, కాపురం ఉండే ఇల్లు కాదు. ల్యాప్‌టాప్‌లో మళ్లీ విండోసో ఉబుంటువో ఎక్కించి, వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో కాలీని ఒక వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్‌గా, పెట్టుకోండి. అలా పెడితే స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో మెషీన్ ఉన్న స్థితికి నకలు, తీసుకోవచ్చు. ఏదైనా పాడుచేసినప్పుడు పది నిమిషాల వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఇక లక్ష్యంగా మెటాస్ప్లాయిటబుల్ 2 తీసుకోండి. కావాలనే లోపాలతో తయారుచేసి ఉచితంగా ఇస్తున్న లినక్స్ మెషీన్ అది. చాలా పాతది కాబట్టి 512 ఎంబీ ర్యామ్‌తో నడుస్తుంది. మీ ఎనిమిది జీబీ ధారాళంగా సరిపోతుంది. అందులో 21వ పోర్టులో వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే) సర్వర్ ఉంటుంది. వీడియోలలో, దాడులను ముందే సిద్ధం చేసి పెట్టిన మెటాస్ప్లాయిట్ అనే పనిముట్టు తెరిచి, నాలుగు కమాండ్లు కొట్టి రూట్, అంటే మెషీన్ మీద సర్వాధికారం, వచ్చేసిందని చూపిస్తారు. మీరు ఆ పని చేయకండి. మొదట దాని కథ తెలుసుకోండి.

2011లో ఆ సర్వర్ సోర్స్ ప్యాకేజీని, దాన్ని పంచిపెట్టే అసలు చోటనే, ఎవరో మార్చేసి అందులో ఒక దొడ్డిదారి పెట్టారు. లాగిన్ పేరు చివర నవ్వు ముఖం గుర్తు, అంటే ఒక కోలన్, దాని పక్కన మూసే బ్రాకెట్టు వస్తే చాలు, ఆ ప్రోగ్రామ్ 6200 పోర్టులో రూట్ షెల్, అంటే సర్వాధికారంతో కమాండ్లు కొట్టే చోటు, తెరిచి కూర్చుంటుంది. ఈ సంగతి తెలిశాక మీకు మెటాస్ప్లాయిట్ అవసరమే లేదు. నెట్‌క్యాట్ అనే చిన్న పనిముట్టుతో 21వ పోర్టుకు కలిసి, మీకు తోచిన పేరు చివర ఆ గుర్తు తగిలించి, ఏదో ఒక పాస్‌వర్డ్ ఇచ్చి, రెండో టెర్మినల్ నుంచి 6200కు కలవండి. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ, నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ తెరిచి ఉంచండి. మొదటి మూడు ప్యాకెట్లలో టీసీపీ చేతులు కలపడం ఎలా జరిగిందో, మీరు ఇచ్చిన పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా తీగ మీద ఎలా ప్రయాణించిందో కళ్లారా చూస్తారు. మార్చిన ఆ ప్యాకేజీకి డిజిటల్ సంతకం సరిపోలలేదు. సంతకం సరిచూసుకున్నవారు అప్పట్లోనే బయటపడ్డారు. కాబట్టి మీ నివేదికలో నివారణ కింద ఏమి రాయాలో కూడా ఆ కథలోనే దొరుకుతుంది.

తర్వాత అదే మెషీన్‌లో, విండోస్‌తో ఫైళ్లు పంచుకునే సాంబా ప్రోగ్రామ్ లోపం (లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2007-2447) చూడండి. అక్కడ ఎవరూ దొడ్డిదారి పెట్టలేదు. ఒక సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు, యూజర్ పేరుగా వచ్చిన అక్షరాలను వడపోయకుండా నేరుగా షెల్‌కు అందించారు, అంతే. ఒకటి ద్రోహం, రెండవది ఏమరుపాటు. రెండింటికీ ఫలితం రూట్ షెల్లే అయినా, ఈ తేడాను సొంత మాటల్లో చెప్పగలిగినవారికి ఇంటర్వ్యూలో నేను మొదటి పది నిమిషాల్లోనే మార్కులు వేస్తాను.

లినక్స్ కమాండ్లకు ఓవర్‌దవైర్‌వారి బ్యాండిట్, వెబ్ లోపాలకు పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ రెండూ ఉచితం. క్రమబద్ధమైన పాఠం కావాలంటే ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు ఎన్‌పీటెల్‌లో చెప్పిన పన్నెండు వారాల ఎథికల్ హ్యాకింగ్ కోర్సు ఉంది. పాఠాలు వినడానికి పైసా కట్టనక్కరలేదు. పరీక్ష రాయదలిస్తేనే రుసుము.

ఉప్పుటేరు

మంజీర తీరం గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ఆయన ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారు. మాలాంటివాళ్లం ఆ గది తలుపు దాకా వెళ్లడానికే మూడేళ్లు తిరిగాం. భీమవరంలో డిగ్రీ చదివిన నాకు, బయోడేటాలో సీఈహెచ్ అన్న మూడక్షరాలు చేరిన తర్వాతే ఫోన్లు రావడం మొదలైంది. 125 ప్రశ్నలు, నాలుగు గంటలు, అన్నీ జవాబు ఎంచుకునేవే. దానివల్ల చేతికి పని రాదన్నది నిజమే. అయినా మానవ వనరుల విభాగంలో దరఖాస్తులు వడపోసేవారికి రూట్ షెల్ అంటే ఏమిటో తెలియదు, వాళ్లకు ఆ మూడక్షరాలే తెలుసు.

దీనికి ఒక చరిత్ర ఉంది. అమెరికా రక్షణ శాఖ తన 8570 ఆదేశంలోని గుర్తింపు పొందిన ధ్రువపత్రాల పట్టికలో 2010లో సీఈహెచ్‌ను చేర్చింది. ఆ పట్టికను చూసి అమెరికా కాంట్రాక్టర్లు, వారిని చూసి మన ఐటీ సేవల కంపెనీలు దాన్ని అడగడం అలవాటు చేసుకున్నాయి. ఆ ఆదేశం స్థానంలో 8140 వచ్చినా అలవాటు పోలేదు. శిక్షణ సంస్థకు లక్ష పోయవద్దన్నది సరైన సలహాయే. అయితే ధ్రువపత్రమే దండగ అన్న అర్థంలో దాన్ని తీసుకోవద్దని మనవి.

కొల్లేటి కొంగ

ఇంట్లో ల్యాబ్ పెట్టుకోమని అందరూ చెబుతున్నారు గానీ, దాని నెట్‌వర్క్‌ను ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్కటీ తెలియక నేను పడిన అవస్థ చెబుతాను.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో, హాస్టల్ గదిలో, ఇదే ఉత్సాహంతో కాలీ పెట్టాను. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో బ్రిడ్జ్‌డ్ అన్నది ఎంచుకుంటే ఇంటర్నెట్ వెంటనే వచ్చేసింది కాబట్టి అదే మంచిదనుకున్నాను. బ్రిడ్జ్‌డ్ అంటే ఆ వర్చువల్ మెషీన్ హాస్టల్ నెట్‌వర్క్‌లో మరొక కంప్యూటర్‌గా నేరుగా చేరిపోతుందన్న మాట. ఒక రాత్రి ఏఆర్‌పీ స్పూఫింగ్ (నెట్‌వర్క్‌లో మరొక కంప్యూటర్‌గా నటించడం) పాఠం చూసి, నా రెండు వర్చువల్ మెషీన్ల మధ్య చేస్తున్నాననుకుంటూ, గేట్‌వే (ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే రౌటర్) చిరునామా ఇచ్చి కొట్టాను. మా అంతస్తులోని కంప్యూటర్లన్నీ నా కాలీనే గేట్‌వే అనుకుని ప్యాకెట్లు పంపడం మొదలుపెట్టాయి. నేనేమో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేయలేదు. వచ్చిన ప్యాకెట్లు వచ్చినట్టే నా దగ్గర ఆగిపోయాయి. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రాత్రి అది. నలభై గదులవాళ్లు వసారాలోకి వచ్చి వార్డెన్‌ను పిలుస్తుంటే, నేను లోపల కూర్చుని పాఠం ఎందుకు పని చేయడం లేదా అని వీడియో వెనక్కి తిప్పుకుంటున్నాను.

మరునాడు కళాశాలవారు నా ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కార్డు భౌతిక (మ్యాక్) చిరునామాతో సహా పట్టుకున్నారు. క్షమాపణ పత్రం, నాన్నగారిని పిలిపించడం, ఒక సెమిస్టర్ పాటు ఇంటర్నెట్ నిషేధం. అంతటితో వదిలేయడం వారి దయ.

కాబట్టి లక్ష్యంగా పెట్టే మెషీన్లకు హోస్ట్-ఓన్లీ, అంటే మీ ల్యాప్‌టాప్ దాటి బయటికి పోని, నెట్‌వర్క్ తప్ప మరొకటి ఇవ్వకండి. వర్చువల్‌బాక్స్‌లో అది మామూలుగా 192.168.56తో మొదలవుతుంది. కాలీకి మాత్రం రెండు కార్డులు ఇవ్వండి: ఒకటి హోస్ట్-ఓన్లీ, మరొకటి అప్‌డేట్ల కోసం ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే నాట్. అభ్యాసం మొదలుపెట్టే ముందు ఆ రెండో కార్డును ఆపేయడం అలవాటు చేసుకోండి. స్కాన్ కొట్టే ప్రతిసారీ చిరునామా 56 వరుసలోదేనా అని వేలితో చూపించుకుని మరీ కొట్టండి. నేను ఈనాటికీ అలాగే చేస్తాను, పక్కవాళ్లు నవ్వినా సరే.

కాకినాడ వకీలు

కొల్లేటి కొంగ గారి అనుభవం చదివాక చట్టం సంగతి రాయక తప్పడం లేదు.

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి గాని, నెట్‌వర్క్‌లోకి గాని ప్రవేశించడం, డేటా తీసుకోవడం, సేవకు అంతరాయం కలిగించడం, హక్కున్నవారికి ప్రవేశం లేకుండా చేయడం వంటివన్నీ నష్టపరిహారానికి దారితీస్తాయి. అవే పనులు నిజాయితీ లేని ఉద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్ల జోలికి పోతే 70వ సెక్షన్ కింద శిక్ష పదేళ్ల వరకు ఉంటుంది. నేర్చుకోవడానికే చేశానన్న మాట 66 కింద ఉద్దేశాన్ని గురించిన వాదనలో మీకు కొంత ఉపయోగపడవచ్చు గానీ, 43 కింద పరిహారం అడిగినవారికి అది జవాబు కాదు.

నాగులేరు గారు షాపులకు కెమెరాలూ రౌటర్లూ బిగిస్తానని రాశారు కాబట్టి ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి. బిగించడం కోసం ఖాతాదారు మీకు పాస్‌వర్డ్ ఇచ్చారంటే బిగించడానికే ఇచ్చారు. ఆ తర్వాత ఇంటి నుంచి ఆ కెమెరా ఎంత గట్టిదో పరీక్షించి చూడటానికి అది అనుమతి కాదు. పరీక్షించాలనుకుంటే ఏ పరికరాన్ని, ఏ తేదీల్లో, ఏ పద్ధతుల వరకు అన్నది కాగితం మీద రాసి యజమాని సంతకం తీసుకోండి. నోటి మాట గొడవ వచ్చిన రోజున ఎవరికీ గుర్తుండదు.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అనుకోకుండా ఏదైనా లోపం కంటబడితే, దాన్ని ఇంకా తవ్వకుండా, ఫేస్‌బుక్‌లో పెట్టకుండా, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. లోపాల వెల్లడికి వారికి ప్రత్యేక విధానమే ఉంది. లోపాలు చూపినవారికి బహుమతి ఇచ్చే బగ్ బౌంటీ కార్యక్రమాలు నడిపే కంపెనీల విషయంలో వారు రాసిన పరిధి పత్రాన్ని మొదటి అక్షరం నుంచి చదవండి. పరిధిలో లేని చిరునామాను ముట్టుకుంటే ఆ అనుమతి అక్కడితో ఆగిపోతుంది.

నాగులేరు

అందరికీ కృతజ్ఞతలు. శిక్షణ సంస్థవారికి రావడం లేదని చెప్పేశాను. నవ్వు ముఖంతో రూట్ షెల్ వచ్చిన రాత్రి నిద్రపట్టలేదు. వైర్‌షార్క్‌లో నా పాస్‌వర్డ్ నాకే కనబడటం ఇంకా ఆశ్చర్యంగానే ఉంది. కొంగ గారు చెప్పినట్లు ల్యాప్‌టాప్ మూత మీద 56 అని కాగితం అంటించాను.

ఇప్పుడు యాక్టివ్ డైరెక్టరీ (ఒక సంస్థలోని విండోస్ కంప్యూటర్లనూ ఖాతాలనూ ఒక డొమైన్‌గా కలిపి నడిపే వ్యవస్థ) మొదలుపెట్టాను గానీ మూడు చిక్కులు వచ్చాయి. వర్చువల్‌బాక్స్ కింది వరుసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తూ అంతా నత్తనడక నడుస్తోంది. విండోస్ క్లయింట్ డొమైన్‌లో చేరనంటోంది. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లిన తర్వాత, నిన్న పని చేసిన కమాండ్ ఈరోజు పని చేయడం లేదు. ఇవి కాక, నా ఇంగ్లీషుతో నివేదిక రాయగలనా అన్న బెంగ ఒకటి.

తంగేడుపువ్వు

నాగులేరు తమ్ముడూ, నేను వరంగల్ నుంచి వచ్చి ఒక ఎస్‌ఓసీలో (దాడులను కనిపెట్టే భద్రతా కేంద్రంలో) నిఘా విశ్లేషకురాలిగా పని చేస్తున్నాను. అంటే మీరందరూ తలుపులు తట్టడం నేర్చుకుంటుంటే, తట్టిన చప్పుడు వినే పని నాది. నీ మూడు చిక్కులూ ల్యాబ్ పెట్టిన ప్రతివారికీ వచ్చేవే.

తాబేలు కనబడిందంటే వర్చువల్ మెషీన్లు నడపడానికి విండోస్‌లోనే ఉండే హైపర్-వీ ముందే ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుందని, వర్చువల్‌బాక్స్ దాని మీద స్వారీ చేస్తోందని అర్థం. విండోస్ ఫీచర్లలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ తీసేసి, కోర్ ఐసొలేషన్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ కూడా ఆపి, పూర్తిగా రీస్టార్ట్ చెయ్యి. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడు. మెమరీ ఇంటిగ్రిటీ ఒక రక్షణ కాబట్టి, బ్యాంకు పనులకు వాడే కంప్యూటర్‌లో మాత్రం ఆపవద్దు.

డొమైన్‌లో చేరకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ డీఎన్‌ఎస్సే. క్లయింట్ తన డొమైన్ కంట్రోలర్‌ను, అంటే డొమైన్‌ను నడిపే సర్వర్‌ను, పేరుకు చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ ద్వారా వెతుక్కుంటుంది. నీ క్లయింట్‌కు నాట్ కార్డు నుంచి వేరే డీఎన్‌ఎస్ చిరునామా వచ్చి ఉంటుంది; దానికి నీ ల్యాబ్ డొమైన్ పేరు ఎక్కడ తెలుస్తుంది? క్లయింట్ డీఎన్‌ఎస్‌గా డొమైన్ కంట్రోలర్ చిరునామా ఒక్కటే ఇవ్వు.

మూడవది గడియారం. డొమైన్‌లో టికెట్లతో గుర్తింపు సరిచూసే కెర్బరోస్ పద్ధతి మామూలుగా ఐదు నిమిషాలకు మించి సమయ భేదాన్ని సహించదు. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లినప్పుడు ఒక మెషీన్ గడియారం నిన్నటి దగ్గరే నిలిచి ఉంటుంది. కాలీ సమయాన్ని డొమైన్ కంట్రోలర్‌తో కలిపిన తర్వాత మళ్లీ కొట్టు.

ర్యామ్ గురించి కూడా చెప్పాలి. విండోస్ సర్వర్ పరీక్షా ప్రతిని 180 రోజులు, విండోస్ ఎంటర్‌ప్రైజ్ పరీక్షా ప్రతిని 90 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు. సర్వర్‌ను కిటికీలు లేని కోర్ రూపంలో పెడితే రెండు జీబీతో సరిపెట్టవచ్చు. క్లయింట్ కూడా కావాలంటే పదహారు జీబీ ఉండాల్సిందే. సర్వీసింగ్ దుకాణంలో పని చేసేవాడికి పాత ర్యామ్ బిళ్ల సంపాదించడం నేను నేర్పనక్కరలేదు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. ల్యాబ్‌లో కెర్బరోస్టింగ్ అనే దాడి తప్పక చెయ్యి. డొమైన్‌లోని మామూలు యూజర్ ఎవరైనా ఒక సర్వీస్ ఖాతాకు (ప్రోగ్రామ్‌లు వాడే ఖాతాకు) చెందిన టికెట్‌ను డొమైన్ కంట్రోలర్ దగ్గర అడిగి తీసుకోవచ్చు. ఆ టికెట్‌లో కొంత భాగం ఆ ఖాతా పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంతో మూసి ఉంటుంది. దాన్ని తన కంప్యూటర్‌కు తెచ్చుకుని, నెట్‌వర్క్‌ను మళ్లీ ముట్టకుండానే, పదాల పట్టికతో ఒక్కొక్క పాస్‌వర్డే వేసి తాళం తీయవచ్చు. సర్వీస్ ఖాతాకు నువ్వే ఒక బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టి, నువ్వే ఛేదించు.

అక్కడితో వదిలేస్తే సగం పాఠమే. టికెట్ అడిగిన క్షణంలో డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో ఏం పడిందో చూడు. ఆడిట్ ఆన్‌లో ఉంటే 4769 నంబరు ఘటన నమోదవుతుంది. అందులో ఎన్‌క్రిప్షన్ రకం 0x17 అని ఉంటే పాతకాలపు ఆర్‌సీ4 టికెట్ అడిగారని అర్థం. మా గదిలో అలాంటి వరుస కనబడితే టీ గ్లాసు కింద పెట్టేస్తాం. తర్వాత ఆ ఖాతా స్థానంలో గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ పెట్టి మళ్లీ ప్రయత్నించు. దాని పాస్‌వర్డ్‌ను డొమైనే తయారుచేసి, మామూలుగా ముప్పై రోజులకోసారి తనే మారుస్తుంది. నీ పదాల పట్టిక అక్కడ ఎందుకూ పనికిరాదు. దాడి, జాడ, నివారణ మూడూ ఒకే రాత్రి ఒకే ల్యాప్‌టాప్‌లో చూసినవాడు అరుదు. ఎస్‌ఓసీ ఉద్యోగానికి కూడా ఇదే సాధన పనికొస్తుంది, పైగా ఆ తలుపు కొత్తవారికి త్వరగా తెరుచుకుంటుంది.

ఒక చిన్న మాట. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై బయటపడినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న ఎటర్నల్‌బ్లూ లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే మందు ఇచ్చింది. నువ్వు షాపుల్లో విండోస్ ఎక్కించినప్పుడు అప్‌డేట్లు ఆపేయమని ఖాతాదారులు అడుగుతారు కదా, అప్పుడు ఈ సంగతి గుర్తుచెయ్యి.

ఇర్వింగ్ బాటసారి

టెక్సాస్ నుంచి రాస్తున్నాను, సొంత ఊరు మదనపల్లె. నివేదిక గురించి నాగులేరు గారి బెంగకు నా ఓఎస్‌సీపీ (పెనెట్రేషన్ టెస్టర్లకు పెట్టే ప్రయోగ పరీక్ష) కథే జవాబు.

ఆ పరీక్ష 23 గంటల 45 నిమిషాలు సాగుతుంది; వెబ్ కెమెరా ద్వారా ఒక పర్యవేక్షకుడు చూస్తూనే ఉంటాడు. ఆ తర్వాత నివేదిక పంపడానికి మరో 24 గంటలు ఇస్తారు. వందకు డెబ్బై వస్తే ఉత్తీర్ణత. యాక్టివ్ డైరెక్టరీ సమూహానికి నలభై, విడి మెషీన్లు మూడింటికి ఇరవై చొప్పున. మెటాస్ప్లాయిట్‌ను ఒక్క మెషీన్ మీదే వాడనిస్తారు, దాడిని తమంతట తామే చేసే ఎస్‌క్యూఎల్‌మ్యాప్ వంటి పనిముట్లు పూర్తిగా నిషేధం. మంజీర తీరం గారు నెట్‌క్యాట్‌తో చేయమన్నది చాదస్తం కాదని అక్కడ తెలుస్తుంది.

2023లో మొదటిసారి రాసినప్పుడు లెక్క ప్రకారం నాకు సరిగ్గా డెబ్బై వచ్చాయి. అయినా తప్పాను. ఒక మెషీన్‌లోని రుజువు ఫైలును వెబ్ షెల్ (వెబ్ పేజీ గుండా కమాండ్లు పంపే దారి) ద్వారా చదివి స్క్రీన్‌షాట్ తీశాను. ఇంటరాక్టివ్ షెల్‌లో, ఫైలు అసలు ఉన్నచోటి నుంచి చదివి చూపించాలన్నది నియమం. నియమం పరీక్ష పత్రంలో ఉంది, నేనే తెల్లవారుజామున మూడింటికి దాన్ని మరిచాను. పది మార్కులు పోయాయి. ఆర్నెల్ల తర్వాత రెండోసారి రాసినప్పుడు, కమాండ్ కొట్టిన ప్రతిసారీ సమయం, కమాండ్, జవాబు, నాకు తోచిన కారణం అని నాలుగు గడులు నింపుకుంటూ పోయాను. నివేదిక నాలుగు గంటల్లో అయిపోయింది.

2024 నవంబరు 1 నుంచి ఆ పరీక్షలో మార్పులు వచ్చాయి. యాక్టివ్ డైరెక్టరీ భాగంలో ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ ముందే ఇస్తున్నారు. అభ్యాసాలకు ఇచ్చే అదనపు మార్కులు తీసేశారు. ఉత్తీర్ణులకు పాత జీవితకాల ధ్రువపత్రంతో పాటు మూడేళ్ల గడువున్న ఓఎస్‌సీపీ ప్లస్ కూడా ఇస్తున్నారు. కోర్సుతో కలిపి ఖర్చు ఒకటిన్నర వేల డాలర్లు దాటుతుంది, అంటే మీరు వద్దనుకున్న లక్షా పదివేల కంటే ఎక్కువ. ఉద్యోగం వచ్చాక కంపెనీ ఖర్చుతో రాయడమే తెలివైన పని. నివేదికకు పెద్ద పీట వేసే పరీక్ష కావాలంటే పీఎన్‌పీటీ ఉంది: ఐదు రోజుల ప్రయోగం, రెండు రోజుల నివేదిక, ఆపై ముఖాముఖి వివరణ.

ఇంగ్లీషు గురించి భయపడకండి. నివేదికకు కావ్యభాష అక్కరలేదు. ఏ లోపం, ఎక్కడ, ఎలా రుజువైంది, దానివల్ల యజమానికి ఏమవుతుంది, ఎలా సరిచేయాలి అన్న ఐదు సంగతులు తెలుగులో ముందు రాసుకుని తర్వాత పొట్టి వాక్యాల్లో ఇంగ్లీషులో పెట్టండి. నేను ఇప్పటికీ తీవ్రతను వివరించే పేరా తెలుగులోనే ఆలోచిస్తాను. ఇంకో మాట: పరీక్ష రోజున మన ఊళ్లలో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ నిలుస్తుంది, రౌటర్ నిలవదు. రౌటర్‌కు చిన్న యూపీఎస్, పక్కన ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

మంజీర తీరం

ఉప్పుటేరు గారికి బాకీ ఉన్న జవాబు. మీరు చెప్పింది నిజమే, దరఖాస్తులు నా దాకా రాకముందే వడపోత జరిగిపోతుంది. గత నెల మా మానవ వనరుల విభాగానికి రాసి, ధ్రువపత్రం గడి పక్కన రాతపూర్వక నివేదిక నమూనా అన్న గడి కూడా పెట్టించాను. అన్ని కంపెనీలూ అలా చేయవు కాబట్టి, సీఈహెచ్ రాయదలిచినవారు దానికి అనుబంధంగా ఉన్న ఆరు గంటల, ఇరవై సవాళ్ల ప్రాక్టికల్ పరీక్ష కూడా రాయాలని నా అభిప్రాయం.

ఉప్పుటేరు

అంగీకరిస్తున్నాను. ఆ ప్రాక్టికల్ నేను రాయలేదు, దాని ఫలితాన్ని మొదటి ఉద్యోగంలో మొదటి వారమే అనుభవించాను.

నాగులేరు (నాలుగు నెలల తర్వాత)

నమస్కారం. చర్చను మళ్లీ పైకి తెచ్చినందుకు మన్నించాలి. దుకాణంలోనే పాత ఎనిమిది జీబీ బిళ్ల ఒకటి జీతంలో కోత పెట్టించుకుని తీసుకున్నాను. ఇప్పుడు డొమైన్ కంట్రోలర్, క్లయింట్, కాలీ మూడూ ఒకేసారి నడుస్తున్నాయి. తంగేడుపువ్వు అక్క చెప్పిన 4769ను నా కళ్లతో చూశాను. గ్రూప్ మేనేజ్డ్ ఖాతా పెట్టాక పదాల పట్టిక రాత్రంతా నడిచి ఖాళీ చేతులతో లేచింది.

వకీలు గారి మాట ప్రకారం మా దుకాణం యజమాని దగ్గర ఒక పేజీ అనుమతి పత్రం రాయించుకుని, దుకాణం రౌటర్ ఒక్కదాన్నే రెండు రోజులు పరీక్షించాను. రౌటర్ వచ్చిన నాటి పాస్‌వర్డ్ అలాగే ఉంది, డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ బదులు బటన్‌తోనో పిన్‌తోనో కలిసే సౌకర్యం) తెరిచి ఉంది. ఆ రౌటర్ బిగించింది నేనే. ఆ సంగతి కూడా నివేదికలో రాశాను. యజమాని చదివి కాసేపు నా వైపు చూసి, మనం బిగించిన మిగతా అరవై షాపుల సంగతేమిటని అడిగారు. వచ్చే వారం నుంచి ఒక్కొక్క షాపుకూ వెళ్లి, వాళ్ల ఎదుటే పాస్‌వర్డ్ మార్పించి వస్తున్నాం.

ఉద్యోగం ఇంకా రాలేదు. నాన్నగారు మిర్చి డబ్బుతో బోరు వేయించారు. మెటాస్ప్లాయిటబుల్ మీద పదకొండు పేజీల నివేదిక, తెలుగు చిత్తుప్రతితో సహా, ఇక్కడ జత చేస్తున్నాను. తప్పులుంటే చెప్పగలరు.

మంజీర తీరం

చదివాను. సాంబా లోపానికి మీరు రాసిన కారణం బాగుంది, అందులో ఒక్క మాట కూడా మార్చవద్దు. మూడో పేజీ స్క్రీన్‌షాట్‌లో లక్ష్యం చిరునామా, సమయం రెండూ కత్తిరింపులో పోయాయి. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి మళ్లీ తీసి జత చేయండి. ఆ తర్వాత నాకు వ్యక్తిగత సందేశం పంపండి.